పసుపు పూసిన తీగ

యుగేందర్ సారు పోయిన రోజున ఆయన ఇల్లు కూడా దొరకలేదు. ఐసు పెట్టె తెచ్చిన ట్రాలీ ఆటో ఆ గల్లీలోనే ముందుకూ వెనక్కూ తిరిగింది తప్ప ఇంటి ముందు ఆగలేదు. ఇంటి నంబరూ, దాని కింద 'వసంత, యుగేందర్, ఉపాధ్యాయులు' అని చెక్కించిన పలకా తిప్పతీగ ఆకుల వెనక ఎప్పుడో మాయమైపోయాయి. డ్రైవరు చివరికి మూలమీది చాయ్ హోటల్లో అడిగితే, సారు పేరు విని తెల్లముఖం వేసినవాళ్ళే, గేటు పక్కన పెద్ద తీగ ఉంటుందట అనగానే, ఓ, పోచమ్మ తీగ ఇల్లా, అని నలుగురూ నాలుగు చేతులు చూపించారట. అతను వచ్చి, ఆటో ఆపి, పెట్టె దించే ముందు చెప్పులు విడిచి, కాంపౌండు గోడ బయట పసుపు పూసిన తీగ మొదలుకు దండం పెట్టుకున్నాడు. వరండాలో కూర్చున్న వసంత అది చూసింది. ఆ రోజు జరిగినవాటిలో ఆమెకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే. ఎందుకంటే అది చూడగానే ఆమెకు నవ్వు వచ్చింది. చుట్టూ అంతమంది ఏడుస్తుండగా, కూతురు భాగ్య ఒళ్ళో తల పెట్టి వెక్కుతుండగా, గొంతు దాకా నవ్వు వచ్చి ఆగింది. ఆ పసుపు సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. రెండోవాడు లోపల చాప మీద పడుకుని ఉన్నాడు. ఆ నవ్వును పంచుకోవడానికి మనిషి లేడు కాబట్టి వసంత దాన్ని మింగేసింది. దానితో పాటు ఏడుపు కూడా ఎటో పోయింది. ఈ తీగను తీయించేయాలి అని ఆమె అనుకున్నది సరిగ్గా అప్పుడే.

ఏడాది తిరగవస్తోంది. వచ్చే ఆదివారం సంవత్సరీకం. ఇప్పుడు వసంత టీచర్ తన ఇంటి కిటికీ మీది సజ్జ పైన, చేతిలో కొడవలితో, తిప్పతీగ ఆకుల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. నిచ్చెన లేదు. ఇందాకటి వరకు ఉంది. దానిమీదే ఆమె ఎక్కింది. ఎక్కి, పైట నడుముకు దోపుకుని, మొదటి కొమ్మ మీద కొడవలి పెట్టేలోపు అబ్బాస్ వచ్చాడు. ఇంటికి రంగులు వేస్తున్న అబ్బాస్, నిచ్చెన కూడా అతనిదే, పక్క గల్లీలో ఎవరికో పైపు ఊడిందని ఫోన్లో మాట్లాడుకుంటూ వచ్చి, భుజానికెత్తుకుని, వెళ్ళిపోయాడు. తల ఎత్తి చూడలేదు. చూసినా ఆకులే కనపడేవి. పిలవడానికి వసంతకు వ్యవధి లేకపోలేదు. కానీ ఏమని పిలవాలి. అబ్బాస్ అని అరిస్తే గల్లీ అంతా తలెత్తుతుంది. నిచ్చెన అని అరిస్తే ఏ నిచ్చెన, ఎవరిది, ఎందుకు అని తెలియదు. నేను ఇక్కడున్నాను అంటే ఎక్కడ అని వెతుక్కుంటాడు. అబ్బాస్, నేను పైన ఉన్నాను, ఆ నిచ్చెన ఉంచు, అన్న వాక్యం ఆమెకు సంతృప్తికరంగా తయారయ్యేసరికి నిచ్చెన తోక మలుపు తిరుగుతోంది. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన మనిషి. పిల్లలకు వ్యాసాలు దిద్ది దిద్ది, ఒక మాట ఎక్కువైతే ఎర్ర గీత, తక్కువైతే ఎర్ర గీత. యుగేందర్ అనేవాడు, ఇల్లు అంటుకున్నా నువ్వు ముందు వాక్యం చూసుకుంటావు వసంతా, అని.

లోపల హాల్లో ఫోన్ మోగుతోంది. భాగ్యే అయ్యుంటుంది. భూపాలపల్లి నుంచి ఆదివారం ఈ వేళకు చేస్తుంది, తిన్నవా అమ్మా, ఏం కూర, ఎంత తిన్నవు, ఫోటో పెట్టు. తన కంచం ఫోటో తీసి కూతురికి పంపే వయసుకు వచ్చింది వసంత. ఒకసారి వంకాయ కూర కంచాన్ని రెండు రోజులు వరసగా పంపితే పట్టేసింది పిల్ల. ఆ తెలివి తండ్రిది. ఫోన్ ఆగింది. మళ్ళీ మొదలైంది. ఎత్తకపోతే ఊరుకోదు, కంగారు పడుతుంది. కంగారు పడితే బస్సు ఎక్కినా ఎక్కుతుంది. భూపాలపల్లి నుంచి హనుమకొండ, హనుమకొండ నుంచి జనగామ, అంతదూరం ఏడ్చుకుంటూ వచ్చి చూస్తే తల్లి సజ్జ మీద. వసంత కొడవలిని పక్కన పెట్టి, మోకాళ్ళు చుట్టేసుకుని, కింద కనిపిస్తున్న తన చెప్పుల జత వైపు చూసింది. గోడ పక్కన ఎంత బుద్ధిగా పెట్టుకుందో, స్కూల్లో పిల్లలకు చెప్పినట్టు, రెండింటి కొసలూ ఒక గీతలో.

మంగ్యా రావాలి. చెట్లు కొట్టే మంగ్యా, బయ్యారం వైపు తండా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాడు. పొద్దున వచ్చి తీగను చుట్టూ తిరిగి చూసి, తలగోక్కుని, మీద మీద కోస్త మేడం, మొదలు మాత్రం ముట్ట, అన్నాడు. మీద కోసేటందుకు కూడా కొబ్బరికాయ కొట్టాలట. కొట్టాక ఇంటి మనిషి చెయ్యే ముందు పడాలట. కాయ తేలేదేం అంటే ఇప్పుడు తెస్తా అని అంగడికి పోయాడు. ఆదివారం అంగడి. అక్కడ అతనికి చుట్టాలు దొరుకుతారు, చుట్టాలతో పాటు ఇంకోటి కూడా దొరుకుతుంది. అంతకుముందు అబ్బాస్‌నే అడిగింది, ఇంత రంగు వేస్తున్నావు, ఆ నాలుగు కొమ్మలు కూడా తీసేయరాదా అని. అతను రెండు చేతులూ ఎత్తేశాడు. సున్నం ఏస్త మేడం, రంగు ఏస్త, పుట్టీ ఏస్త, కత్తి మాత్రం నా చేతికియ్యకుండ్రి, రేపు గల్లీల ఎవలకన్న జరమొస్తె అబ్బాస్ కోసిండు అంటరు. అందులో తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు వసంతకు. గేటు స్తంభం మీది పసుపు మరక గురించి కూడా అప్పుడే చెప్పాడు, అది మామూలు మరక కాదు, ఎంత గోకినా పోదు, రెండు కోటింగులు వేసినా మళ్ళీ పైకి తేలుతుంది, ముందుగాల దాని సంగతే చూడాలి అని. మొక్కడానికి వచ్చినవాళ్ళు చేతులు ఎక్కడ పడితే అక్కడ తుడుస్తారు. రేపు అదే మొదలుపెట్టు, గోకెయ్యి, అంది ఆమె. ఎవరూ ముట్టుకోకపోతే తనే ముట్టుకుంటుంది. ఇంటి మనిషి చెయ్యే కదా ముందు పడాల్సింది. అలా వచ్చి కూర్చుంది ఇక్కడ, కొబ్బరికాయ కోసం ఆగకుండా. అందుకే ఇలా అయిందని మంగ్యా అంటాడు, తప్పకుండా అంటాడు.

దగ్గరి నుంచి చూస్తే తీగ అంత అందమైనదేమీ కాదు. ఆకు హృదయం బొమ్మలా ఉంటుందని పిల్లలు పుస్తకాల్లో పెట్టుకుంటారు గానీ, కాడ మొత్తం కురుపులు, పైన కాగితంలా ఊడే తోలు. ఇది వచ్చింది మహదేవపూర్ అడవి నుంచి. పెళ్ళయిన కొత్తలో యుగేందర్ అక్కడ పనిచేసేవాడు. ఒక శనివారం బస్సు దిగుతూ సంచిలో నుంచి జానెడు పుల్ల తీసి, వేప చెట్టు మీద పాకిన తిప్పతీగకు గుణం ఎక్కువ, అన్నాడు. చీర తెస్తాడేమో అనుకుంది ఆమె. పుల్ల తెచ్చాడు. ఆ పుల్లను గోడ బయట గుచ్చాడు. అది గోడ ఎక్కింది, గోడ మీది నుంచి ఇంటి ముందరి వేప చెట్టు ఎక్కింది, వేప చెట్టు మీది నుంచి సజ్జ మీదికి దిగి ఇంటి గోడంతా పరుచుకుంది. గోడకు చెమ్మ, కిటికీలోకి బల్లులు, ఒకసారి బాత్రూములోకి పాము. ప్రతి వానాకాలం ఇదే కొట్లాట. తీయించండి అని ఆమె. చూద్దాం అని ఆయన. ఒకసారి ఆయన భూపాలపల్లిలో ట్రైనింగుకు పోయినప్పుడు ఎవరో కూలివాణ్ణి పట్టి కిటికీ వైపు కొమ్మను మొదట్లో కోయించేసింది. కోసిన ముక్కను ఊడ్చేసి, ఆకులు కూడా ఏరేసి, ఏమీ ఎరగనట్టు ఉంది. ఆయన వచ్చి ఏమీ అనలేదు. వారం తర్వాత చాయ్ తాగుతూ కిటికీ వైపు కళ్ళతో చూపించాడు. మొదలు తెగిన తీగ పైనుంచి పచ్చటి దారం ఒకటి దించుతోంది, సాలీడు దించినట్టు. రోజూ ఇంతింత. రోజూ ఆయన చాయ్, రోజూ ఆ చూపు. దారం చివరికి ఆమె మందారం కుండీలో మట్టిని తాకి, వేరై, కొమ్మ మళ్ళీ బతికింది. అప్పుడు కూడా ఏమీ అనలేదు ఆ మనిషి. కప్పు పక్కన పెట్టి స్కూలుకు పోయాడు. అంత కోపం ఆమెకు జన్మలో రాలేదు. ఇప్పుడు తీగను తీయిస్తే ఆ కొట్లాట గెలిచినట్టే. కానీ ఆ చూపు లేకుండా గెలుపు ఏం గెలుపు. గెలిచాను చూడండి అని ఎవరికి చెప్పాలి.

గల్లీలోకి స్కూటర్ చప్పుడు. వసంత తల వంచేసింది. హెడ్మాస్టరు పూల్‌సింగ్ సారు, హ్యాండిలుకు మటన్ సంచి. అయ్యో, ఇప్పుడా. సోమవారం ప్రార్థన తర్వాత ఆయన ఎదురుగా నిలబడాలి. ఆకులను ముఖం మీదికి లాక్కుంది. కోయడానికి వచ్చిన ఆకులే ఇప్పుడు మానం కాపాడుతున్నాయి. అప్పటికే గుప్పెడు తెంపినందుకు పశ్చాత్తాపపడింది. పూల్‌సింగ్ సారు తీగ మొదలు దగ్గరికి రాగానే స్కూటర్ నెమ్మది చేశాడు. మటన్ సంచిని కుడి వైపు నుంచి ఎడమ వైపుకు మార్చాడు. అప్పుడు కుడిచేత్తో నుదురు, గుండె తాకి, ముందుకు పోయాడు. స్టాఫ్ రూములో శాస్త్రీయ దృక్పథం గురించి అంత మాట్లాడే మనిషి. మళ్ళీ ఆ నవ్వు. గొంతు దాకా వచ్చి ఆగే నవ్వు. యుగేందర్ ఉంటే ఈ మటన్ సంచి సంగతి వారం రోజులు నడిచేది.

ఎందుకంటే అసలు అక్కడ పోచమ్మ లేదు. అక్కడ ఉన్నది మూత్రం. అది వసంతకు ఇప్పటికీ నోటితో చెప్పడం కష్టమే. గల్లీ చివర కల్లు దుకాణం నుంచి ఇళ్ళకు పోయే మగవాళ్ళందరికీ దారిలో ఈ గోడ మూలే అనువు. యుగేందర్ ముందు మర్యాదగా చెప్పి చూశాడు. తర్వాత గోడ మీద రాయిద్దామన్నాడు. వాక్యం వసంత తయారుచేసింది. దయచేసి ఈ గోడను పరిశుభ్రంగా ఉంచుటకు సహకరించండి. వాళ్ళు నిలబడి ఆ వాక్యాన్ని పూర్తిగా చదివేవాళ్ళు, చదవడానికి కావలసినంత తీరిక వాళ్ళకు అప్పుడే దొరికేది. ఎదురింటి రాజమల్లు అయితే ఒకరోజు గేటు దగ్గర కనిపించి, టీచరమ్మ, గోడ మీద రాత మంచిగున్నది, అన్నాడు. ఆ మర్నాడు తెల్లవారకముందే యుగేందర్ వంటింట్లోకి వెళ్ళాడు, పసుపు డబ్బా తీశాడు, తీగ మొదలుకు మందంగా పూసి నాలుగు కుంకుమ బొట్లు పెట్టాడు. బచ్చన్నపేట చుట్టుపక్కల బడుల్లో నాలుక మీద కర్పూరం వెలిగించి, నిమ్మకాయలో నెత్తురు చూపించి, ఇదంతా రసాయనం పిల్లలూ అని చెప్పి వచ్చే సైన్సు సారు. ఇది కూడా ప్రయోగమే వసంతా, ఫలితం చూడు, అన్నాడు. ఫలితం ఆ రోజు నుంచే. గోడ ఎండిపోయింది. కానీ ఆ తర్వాత మొదటి గురువారం ఎవరో ఒక కొబ్బరికాయ కొట్టారు. తర్వాత నిమ్మకాయలు. తర్వాత ఆషాఢంలో ఒక బోనం. ఆ వెనకే కరోనా వచ్చింది, తిప్పతీగ కషాయం కోసం ఊరంతా ఈ గోడకే వచ్చింది, కషాయం తాగినవాళ్ళలో బతికినవాళ్ళంతా వచ్చి మొదలుకు చీరముక్క కట్టారు. ఒక రాత్రి యుగేందర్ మంచం మీద లేచి కూర్చుని, ప్రయోగం అనుకుంటే గుడి అయ్యేటట్టుంది, అన్నాడు. ఇద్దరూ నోట్లో దుప్పటి కుక్కుకుని నవ్వారు, కిటికీ అవతలే ఎవరో ప్రదక్షిణ చేస్తున్నారు మరి. ఎవరికీ చెప్పకు, అన్నాడు. చెప్పను, అంది.

చెప్పలేదు. ఇదీ ఇప్పుడు చిక్కు. తీగ పోవాలంటే నిజం చెప్పాలి. అది దేవత కాదు, మా సారు పూసిన పసుపు అని ఒక్క వాక్యం చెబితే మంగ్యా అయినా, ఇంకొకరైనా వచ్చి మొదటికంటా కోసేస్తారు. కానీ ఆ వాక్యం చెప్పిన రోజు నుంచి గల్లీలో ఆయన పేరు ఏమవుతుంది. చదువు చెప్పిన సారు ఊరిని ఏళ్ళ తరబడి మోసం చేసిండు. ఇంటింటికీ తిరిగి ట్యూషను చెప్పినాయన, ఎవరి కొడుకు పదో తరగతి తప్పినా తన కొడుకే తప్పినట్టు ముఖం వేలాడేసుకునే ఆయన, ఇప్పుడు ఆ ఒక్క పసుపు దగ్గర ఆగిపోతాడు. మాట్లాడుకునేందుకు ఆయన లేడు, జవాబు చెప్పుకునేందుకు లేడు. చెప్పకపోతే తీగ ఉంటుంది, నంబరు దొరకదు, పెచ్చులు ఊడతాయి, వేప చెట్టు ఇప్పటికే ఒక పక్క ఎండింది, రోజూ ఎవరో ఒకరు ఆ పరిహాసానికి దండం పెడుతుంటే ఆమె ఒక్కతే నవ్వు ఆపుకుంటూ గేటు తీసుకుని బడికి పోవాలి. కాలు తిమ్మిరెక్కింది. ఒక చీమ మోచేతి మీద సర్వే చేస్తోంది. దీన్ని దులిపితే ఆకులు కదులుతాయి. వసంత చీమను దాని పనికి వదిలేసింది.

గేటు అవతల అడుగుల చప్పుడు. లచ్చమ్మ. రాజమల్లు భార్య, ఎదురింటి లచ్చమ్మ, మోకాళ్ళ నొప్పులతో బాతులా అటూ ఇటూ ఊగుతూ గల్లీ దాటి వచ్చింది. చేతిలో స్టీలు గిన్నె. తీగ మొదలు ముందు నిలబడి, నడుం పట్టుకుని, ఒక ఊపిరి తీసుకుంది. వసంత తన ఊపిరి ఆపింది. పైనుంచి లచ్చమ్మ కొప్పు, కొప్పులో బంతిపువ్వు, ఒక భుజం కనిపిస్తున్నాయి. లచ్చమ్మ దేవుడితో మాట్లాడితే పక్కింటివాళ్ళతో మాట్లాడినట్టే ఉంటుంది.

"అమ్మా పోచమ్మ తల్లీ, ఇయ్యాల నాకోసం ఏం అడుగ. మోకాళ్ళ సంగతి నీకెరుకే, అడిగి అడిగి నాకే యాష్టకొచ్చింది. మా టీచరమ్మ సంగతి జర అర్సుకో. సారు పోయిన కాడికెల్లి మెతుకులు ఏరుకున్నట్టు తింటది. మాట గూడ గంతే, ఒకటి మాట్లాడి ఒకటి దాసుకుంటది. ఏడ్వది. ఏడ్వకుంటె పాయె, ఎవలనన్న తిట్టినా మంచిగుండు. నన్ను తిట్టినా పడ్త."

లచ్చమ్మ ఆగింది. గిన్నెలో వేలు పెట్టి ఏదో కలిపింది. వసంత కళ్ళ ముందు ఆకు ఒకటి రెండుగా కనిపిస్తోంది. ముప్పై ఏళ్ళలో తన గురించి ఎవరూ ఇంత కచ్చితంగా వ్యాసం రాయలేదు. ఎక్కడా ఎర్ర గీత పెట్టడానికి లేదు.

"గిప్పుడేమో చజ్జ ఎక్కి కూసున్నది. నువ్వన్న చెప్పు తల్లీ, దిగుమని."

 లోపల ఫోన్ మోగడం ఎప్పుడో మానేసింది. ఆకుల్లోంచి బయటికి రావడమా, దేవతలా ఊరుకోవడమా అని ఆలోచించింది వసంత. చివరికి ఆకులు పక్కకు జరిపి తల బయట పెట్టింది.

"ఎప్పుడు చూసినవక్కా?"

"ఎప్పుడేంది, నువ్వు ఎక్కంగనే. నీ చెప్పులు గాడ, నీ చీరె అంచు గీడ ఏలాడుతున్నది. పూల్‌సింగ్ సారు గూడ చూసిండు. నువ్వు సిగ్గువడ్తవని సూడనట్టు పోయిండు. భాగ్య ఫోన్ చేసింది నాకు, మా అమ్మ ఎత్తుతలేదని. మీ అమ్మ చజ్జ మీద ఉన్నది, మంచిగనే ఉన్నది, పరేషాన్ గాకు అన్న."

"మరి అప్పటిసంది నిచ్చెన తేకపోతివి?"

"పిలుస్తవేమో అని సూస్తున్న," అంది లచ్చమ్మ. "ఏడాది సంది సూస్తనే ఉన్న."

దీనికి జవాబుగా ఒక వాక్యం తయారుచేయడానికి వసంత ప్రయత్నించింది. కర్త దొరికింది, క్రియ దొరకలేదు. దానికి బదులు ఇంకో వాక్యం, ఏడాదిగా లోపల కూర్చుని ఉన్నది, అనుమతి అడగకుండా బయటికి వచ్చేసింది.

"ఈడ పోచమ్మ లేదక్కా. ఆ పసుపు మా సారు పూసిండు. గోడ ఖరాబు చెయ్యొద్దని పూసిండు."

చెప్పేసింది. కొడవలిని గట్టిగా పట్టుకుంది. కింద లచ్చమ్మ ముఖంలో ఏం మారుతుందో అని చూసింది, ఏమీ మారలేదు. పప్పులో ఉప్పు సరిపోయిందని చెబితే విన్నట్టు వింది.

"ఎవల కోసం పూసిండనుకున్నవ్? మా రాజమల్లు కోసమే గద. గల్లీల అందరికెరుకే."

"అందరికా?"

"వాన పడ్తె పసుపు పోదా టీచరమ్మా? ఒక్కపారి పూస్తె ఏండ్ల కొద్ది ఉంటదా? బేస్తారం బేస్తారం సారే వచ్చి పూసేటోడు. నువ్వు నిద్రల ఉంటవ్. నేను గప్పుడే వాకిలి ఊడుస్త, సూసుకుంటనే ఉంటి."

వసంత సజ్జ మీద సర్దుకుని కూర్చుంది. గురువారాలు. గురువారం పొద్దున ఆయన లేచి చాయ్ పెట్టేవాడు, ఎందుకు ఈ ఒక్క రోజే ఇంత ప్రేమ అని ఆమె అడిగేది. పసుపు డబ్బా ఎప్పుడు చూసినా అడుగంటేది, ఇంత పసుపు ఎట్లా అయిపోతోంది అని ఆమె కోమటి దుకాణాయన మీద అనుమానపడి దుకాణం మార్చింది. కొత్త దుకాణం పసుపు కూడా అంతే తొందరగా అయిపోతే, కల్తీ అని తీర్మానించి మళ్ళీ మార్చింది. ఆయన సంచి పట్టుకుని మూడో దుకాణానికి నడిచాడు.

"మొక్కేటోడా?" అని అడిగింది. అది ఎంత ముఖ్యమైన ప్రశ్నో అడిగాక గానీ తెలియలేదు.

"ఎందుకు మొక్కుతడు సారు? పూసుడు, చెయ్యి గీ గేటు కంబానికి తుడుసుడు, అటు ఇటు సూసి దొంగ లెక్క లోపటికి పోవుడు. ఒకపారి నేను అడిగిన, ఏంది సారు, నమ్మవు గద, మల్ల గీ పనేంది అని. మొక్కెటోళ్ళు వస్తరు గదమ్మ, వెలిసిపోయి ఉంటె బాగుండదు, అన్నడు."

"మరి అబద్ధమని తెలిసి మీరందరెట్ల మొక్కిన్రు?"

లచ్చమ్మకు ఈ ప్రశ్న కాస్త తెలివితక్కువగా తోచినట్టుంది. "సారు పసుపు పూసిండు, తల్లి వచ్చి కూసున్నది. జాగ మంచిగ కనవడితె ఎవలన్న కూసుంటరు. నువ్వు కూసోలేదా?"

అప్పుడు వచ్చింది నవ్వు. ఐసు పెట్టె రోజున ఆగినది, పూల్‌సింగ్ సారు మటన్ సంచి దగ్గర ఆగినది, గేటు తీసుకుని బడికి పోయిన ప్రతి పొద్దునా ఆగినది, అన్నీ కలిసి వచ్చాయి. ఆకులన్నీ ఊగేటట్టు నవ్వింది వసంత టీచర్. కొడవలి జారి కింద పడింది, చెప్పుల జతకు సరిగ్గా పక్కన. గల్లీలో రెండు తలుపులు తెరుచుకున్నాయి. నవ్వు మధ్యలో ఎక్కడో దారి మారింది, ఎక్కడ మారిందో ఆమెకు తెలియలేదు. చేతులతో ముఖం కప్పుకుంది. లచ్చమ్మ పైకి చూడడం మానేసి, గిన్నెలోని పసుపును తీగ మొదలుకు పూయడం మొదలుపెట్టింది, నెమ్మదిగా, పక్కలకు కూడా, తొందరేమీ లేనట్టు. పైన చప్పుడు తగ్గేదాకా పూసింది. మామూలుగా పట్టేదానికి మూడింతలు పసుపు పట్టింది ఆ పూటకు.

"ఇప్పుడు నువ్వేనా పూసేది?" అంది వసంత, ముక్కు పైటతో తుడుచుకుని.

"ఎవలన్న పూయాలె గద. తీగ గోడకు మంచిది గాదు, కోయిస్తె కోయించుకో. మొదలు మాత్రం ఉంచు. లేకుంటె మా ఆయినె మల్ల షురువు జేస్తడు."

ఆయినే నిచ్చెన తెచ్చాడు. లచ్చమ్మ కేక వేస్తే రాజమల్లు పక్క గల్లీ నుంచి అబ్బాస్ నిచ్చెనను మోసుకొచ్చి, ఆ గోడ ముందు చాలా ఏళ్ళ తర్వాత నిలబడవలసి వచ్చినవాడిలా ఎటు చూడాలో తెలియక, ఆకాశంలోకి చూస్తూ పట్టుకున్నాడు. దిగేటప్పుడు వసంత అతనితో, గోడ మీద రాత ఇంకా మంచిగనే ఉన్నదా అన్నా, అంది. రాజమల్లు నిచ్చెనను ఒకసారి వదిలేసి మళ్ళీ పట్టుకున్నాడు. వెనకే అబ్బాస్ వచ్చాడు, పిలిస్తె ఆగెటోన్ని గద మేడం, అంటూ. అతని వెనక మంగ్యా, చంకలో కొబ్బరికాయ, కళ్ళు కాస్త ఎర్రగా, జరిగింది విని, కాయ కొట్టకముందే ఎక్కితె గిట్లనే అయితది మేడం, అన్నాడు. కాయ కొట్టాడు. ఇంటి మనిషి చెయ్యి ముందు పడింది. ఒక్క ముక్క కూడా గోడకు వదలొద్దు, దారం దించుతుంది, అని వసంత రెండుసార్లు చెప్పింది. చెప్పి, కిటికీ వైపు చూసి, ఫోన్ తీసుకుని భాగ్యతో మాట్లాడడానికి లోపలికి వెళ్ళింది. చాలాసేపు మాట్లాడింది.

సాయంత్రానికి గోడల మీది తీగంతా కిందికి దిగింది. ఇంటి నంబరు, దాని కింద రెండు పేర్లు గల్లీలోకి కనిపిస్తున్నాయి. సోమవారం, మంగళవారం అబ్బాస్ గోడలన్నిటికీ రంగు వేశాడు. తీగ మొదలు కోయలేదు. పసుపు మరకలున్న గేటు స్తంభాన్ని మాత్రం వసంత గోకనివ్వలేదు, దానికి ఇంకా రంగు వేయలేదు.